విప్పి కట్టిన ముప్పై మూడు

బదిలీ మీద సీతంపేట కొండల్లోని బడికి వెళ్లాను. పిల్లలంతా సవర గిరిజనులే. రెండో తరగతి వాళ్లు పన్నెండు దాకా చకచకా లెక్కపెట్టి, అక్కణ్ణుంచి తడబడేవారు. వీళ్లకి లెక్కలు రావని అప్పటికే చాలామంది తేల్చేశారు. సంతలో అనాసపళ్లు అమ్మి చిల్లర సరిచూసుకునే పిల్లలకి లెక్కలు రావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

దారి చూపింది మా సవర విద్యావాలంటీరు. ఇంట్లో ఎలా లెక్కపెడతారో అలాగే చెప్పమని ఆయన అడిగితే పిల్లలు ఆగకుండా చెప్పుకుపోయారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. పన్నెండు వరకు విడివిడి పేర్లు. పన్నెండు మిగ్గెల్. పదమూడంటే మిగ్గెల్ మీద ఒకటి, పంతొమ్మిదంటే మిగ్గెల్ మీద ఏడు. ఆపైన ఇరవైల లెక్క. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. గిడుగు రామమూర్తి గారు సవర వ్యాకరణం 1931లోనే వెలువరించారు. అయినా ఇంత పక్కా లెక్క గురించి మా శిక్షణ తరగతుల్లో ఎవరూ ఒక్క మాట చెప్పలేదంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పదులు, ఒకట్ల పాఠం ఆపి కొండచీపురు పుల్లలు తెప్పించాను. ముందు వాళ్ల లెక్కనే కట్టాం: ఇరవైది ఒక కట్ట, పన్నెండుది ఒకటి, మిగిలింది ఒక పుల్ల. అవే విప్పి పదేసి కట్టమన్నాను. మూడు కట్టలు, మూడు పుల్లలు.

"పుల్లలేమైనా తగ్గాయా?"

"లేదు మేస్టారూ!"

అప్పుడు పలక మీద 33 రాయించాను. ఈ విప్పడం, కట్టడంలోనే వారాలు గడిచాయి. సిలబస్ వెనకబడిందని మాట వచ్చినా తొందరపెట్టలేదు.

చూపు బాగా తక్కువున్న ఒక పాపకి బోర్డు కనిపించదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి వచ్చే ఐఈఆర్పీ (అలాంటి పిల్లల చదువుకి సాయపడే టీచరు) మేడమ్ కట్టలకి వేర్వేరు ముడులు వేయమన్నారు. పదికి దారం, పన్నెండుకి రబ్బరు బ్యాండు, ఇరవైకి అడ్డాకు తీగ నార. పాప వేళ్లతో తడిమి కట్ట ఎంతదో చెప్పేసేది. కొన్నాళ్లకి మిగతావాళ్లు తమ లెక్క సరిచూడమని ఆమె దగ్గరికే వెళ్లేవారు.

తీసివేతల్లో ఇదంతా అక్కరకొచ్చింది. పుల్లలు చాలకపోతే ఒక కట్ట విప్పాలని ఎవరూ చెప్పకుండానే విప్పారు. తెలుగులో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా పేర్లు మాత్రం ఇంకా తడుముకుంటున్నారు. దానికి వాలంటీరు ఉండాలి. ఆయన్ని ఈ ఏడాదికి కొనసాగిస్తూ ఉత్తర్వులు రాలేదు. తల్లిదండ్రుల సంతకాలతో అర్జీ పెట్టాం.