మార్టిన్ ఈడెన్: నన్ను వదలనివి ఆ లాండ్రీ పేజీలే

రచయిత కావాలని తిరిగే ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు అమెరికన్ రచయిత జాక్ లండన్ రాసిన "మార్టిన్ ఈడెన్" చదవమని చెప్తారు. పెద్దగా చదువుకోని నావికుడు పట్టుదలతో గొప్ప రచయిత అయిపోయిన కథ, చదివితే మంచి ఊపొస్తుంది అంటారు. ఊపు రావడం నిజమే, మొదటి సగం చదువుతుంటే పుస్తకం పక్కన పడేసి రాసుకోవడానికి కూర్చోవాలనిపిస్తుంది. అయినా దీన్ని స్ఫూర్తి కథ అని చేతిలో పెట్టడం నాకు నచ్చదు. నాకిది పని గురించిన నవల. రాయడం కూడా ఒళ్ళు హూనమయ్యే పనే, మరి ఆ పని చేసుకునే తీరిక ఎవరికి దొరుకుతుంది, దాని కూలి ఎప్పుడొస్తుంది అని ఇంత సూటిగా అడిగిన పుస్తకం నేనింకోటి చదవలేదు. (ముగింపు కూడా చెప్పేస్తున్నాను, తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ముందు నవల చదివి రండి.)

కథ కాలిఫోర్నియాలో, ఓక్లండ్ చుట్టుపక్కల జరుగుతుంది. ఇరవై దాటిన నావికుడు మార్టిన్, ఒక కొట్లాటలో ఆర్థర్ మోర్స్ అనే డబ్బున్న కుర్రాణ్ణి కాపాడతాడు. అతను కృతజ్ఞతతో ఇంటికి భోజనానికి పిలుస్తాడు. ఆ ఇంట్లో గోడల మీద పెయింటింగులు, బల్ల మీద కవిత్వం పుస్తకాలు, యూనివర్సిటీలో సాహిత్యం చదువుతున్న రూత్. ఆ అమ్మాయికి తగినవాడు కావాలని చదవడం మొదలుపెడతాడు, చదువుతూ చదువుతూ రాయాలనుకుంటాడు.

ఆ నేర్చుకునే పేజీలు ఎంత బాగుంటాయంటే, లైబ్రరీలో అన్ని పుస్తకాల్ని ఒక్కసారిగా చూసి అతను బెదిరిపోవడం, రూత్ దగ్గర గ్రామర్ దిద్దించుకోవడం, కొత్త మాటలు కాగితాల మీద రాసి గడ్డం గీసుకునేటప్పుడు కనబడేలా అద్దం చుట్టూ గుచ్చుకోవడం, అచ్చయిన కథల్ని విప్పి చూసి ఏ వాక్యం ఎందుకు పనిచేసిందో నోట్సు రాసుకోవడం, ఇవన్నీ ఒక మనిషి తనని తాను తయారుచేసుకుంటుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటాయి. రోజుకి 5 గంటల నిద్ర. పంపిన కథలన్నీ తిరిగొస్తాయి. కోటు, వాచీ, సైకిలు తాకట్టుకి వెళ్తాయి. అవతల నిజంగా ఎడిటర్ అనేవాడు ఉన్నాడా, లేక ఒక కవర్లోంచి తీసి ఇంకో కవర్లో పెట్టే మెషినేమైనా ఉందా అని అతనికి అనుమానం వస్తుంది. కథలు పంపి ఎదురుచూసినవాళ్ళకి ఆ అనుమానం ఎలాంటిదో తెలుసు.

డబ్బులు పూర్తిగా అయిపోయాక అతను లాండ్రీలో చేరతాడు. నెలకి 40 డాలర్లు, తిండి, ఉండటానికి చోటు. రాత్రుళ్ళు చదువుకుందామని పెట్టెడు పుస్తకాలు కూడా మోసుకెళ్తాడు. జో డాసన్ అనే మనిషితో కలిసి హోటల్ బట్టలన్నీ ఉతకాలి, గంజి పెట్టాలి, ఇస్త్రీ చెయ్యాలి. లండన్ ఇక్కడ ఏమీ తొందరపడడు. ఒక్కో చొక్కా ఎలా చేస్తారో, ఏ కదలిక వృథా పోకుండా చేతులు ఎలా తిరగాలో అంతా రాస్తాడు. చదివేవాళ్ళకే భుజాలు లాగుతాయి. రాత్రి పుస్తకం తెరిస్తే దాని మీదే నిద్ర. తర్వాత తెరవాలని కూడా అనిపించదు. అందం, ప్రేమ, ఆలోచన అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతాయి. చివరికి శనివారం రాత్రి జోతో కలిసి తాగితేనే మళ్ళీ కలలు కనగలుగుతాడు. అన్ని వారాలూ అతని టాలెంట్ ఎక్కడికీ పోలేదు, పుస్తకాలూ పక్కనే ఉన్నాయి. లేనిదల్లా తీరికే. పట్టుదల ఉంటే ఎవరైనా సాధించొచ్చు అనేవాళ్ళు ఈ పేజీలు ఎలా దాటేశారో నాకు అర్థం కాదు, అంత పట్టుదల ఉన్నవాణ్ణి కూడా కొన్ని వారాల్లో ఇస్త్రీపెట్టె మింగేసింది కదా.

లండన్‌కి ఇవి విని తెలిసిన సంగతులు కావు. 1876లో పుట్టిన మనిషి, ఓక్లండ్‌లో చిన్న వయసులోనే ఆహారం డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేశాడు, తర్వాత ఒక స్కూలు లాండ్రీలో. 1899లో ఓవర్‌లాండ్ మంత్లీ పత్రిక అతని కథకి ఇచ్చింది 5 డాలర్లు. నవలలో మార్టిన్‌కి ఒక పత్రిక ఇవ్వాల్సిందీ అంతే, అదీ అతను ఆఫీసుకెళ్ళి దబాయించి వసూలు చేసుకోవాల్సి వస్తుంది. 1907లో సొంత పడవ మీద సముద్రయానం చేస్తూ లండన్ ఈ నవల మొదలుపెట్టాడు. పుస్తకంగా 1909లో వచ్చింది. అప్పటికే అతనికి బోలెడు పేరు, డబ్బు ఉన్నాయి.

అందుకే రెండో సగం అంత చేదుగా ఉంటుంది. మార్టిన్ పుస్తకం ఒకటి హిట్టవుతుంది. వెనక్కి పంపిన ఎడిటర్లే అవే కథల కోసం ఎగబడతారు. ఆకలితో ఉన్నప్పుడు ఒక్క పూట పిలవనివాళ్ళు ఇప్పుడు విందులకి పిలుస్తారు. అతని బుర్రలో ఒకటే మాట తిరుగుతుంటుంది: ఆ పనంతా అప్పటికే చేసేశాను కదా! అప్పుడూ అదే మనిషి, అవే కథలు. మరి ఈ గౌరవం దేనికి? అతన్ని వదిలేసి వెళ్ళిన రూత్ తిరిగొచ్చినప్పుడు కూడా అతను అడిగేది ఇదే, ఉద్యోగం లేనప్పుడు ఎందుకు రాలేదని. రూత్‌ని చాలామంది మరీ తిట్టిపోస్తారు గానీ ఆమెని పెంచిన తీరు అది, చేతనైనంత సాయం చేసింది కూడా. స్నేహితుడు బ్రిసెండెన్ పోయాక మార్టిన్‌లో ఏదీ మిగలదు. దక్షిణ సముద్రాలకి వెళ్ళే ఓడలోంచి రాత్రిపూట సముద్రంలోకి జారిపోతాడు.

లండన్ సోషలిస్టు. ఈ నవల నేను, నా గెలుపు అనే వ్యక్తివాదం మీద దాడి అనీ, ఒక్క సమీక్షకుడు కూడా అది పట్టుకోలేదు కాబట్టి తానే సరిగ్గా రాయలేకపోయి ఉంటాననీ తోటి రచయిత అప్టన్ సింక్లెయిర్‌కి ఇచ్చిన కాపీలో రాశాడు. నాకైతే లాండ్రీ భాగంలో అతను అనుకున్నది పూర్తిగా కుదిరింది. ఆ చాకిరీ మనిషిని ఏం చేస్తుందో మార్టిన్ ఒంటితో అనుభవించి కూడా దాన్ని తన ఒక్కడి కష్టంగానే చూశాడు, తన దారి తాను చూసుకున్నాడు. తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌ని చదివి గంటలు గంటలు వాదించే మనిషికి తట్టని మాట, బార్‌లో తాగి ఉన్న జో అంటాడు: నాకే లాండ్రీ ఉంటే అందులో పిల్లల చేత పని చేయించను, సాయంత్రం ఆరు దాటాక ఒక్క పనివాణ్ణీ ఉంచను, సరిపడా మెషీన్లు పెడతాను, సరిపడా మనుషుల్ని పెడతాను. జో ఆ ప్లాన్ ఇంకా చెప్తూనే ఉంటాడు, మార్టిన్ అటు తిరిగిపోతాడు. డబ్బొచ్చాక జోకి లాండ్రీ కొనిచ్చాడు, నిజమే. జో అన్న మాట మాత్రం అతను ఎప్పుడూ వినలేదు.