స్లీప్ ఆప్నియాకి ఆక్సిజన్ పెట్టుకుని చూశాను

మా వైపు చాలా ఇళ్లలో 2021లో కరోనా రెండో వేవ్‌ అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇంకా ఏదో ఒక మూల పడి ఉంటుంది. అందుకేనేమో, నాకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) అని తెలిసిన ప్రతివాళ్లూ "ఆ మాస్కు గోల ఎందుకండీ, రాత్రిపూట ఆక్సిజన్ పెట్టుకుంటే పోయేదానికి" అంటున్నారు. నేను పెట్టుకుని చూశాను. ఏం జరిగిందో రాస్తున్నాను.

నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను. వయసు యాభై దాటింది, మెడ లావు, పొట్ట సరేసరి. గురక పెళ్లయిన కొత్తలోనే ఉంది, చుట్టాలందరికీ అదో నవ్వులాట. కానీ ఈమధ్య గురక మధ్యలో ఆగిపోవడం మొదలైంది. "మీరు గురక పెట్టినంతసేపూ నాకు భయం లేదండీ, ఆగినప్పుడే భయం" అనేది మా ఆవిడ. నాకైతే ఏమీ తెలిసేది కాదు. రాత్రి మాటిమాటికీ పాస్‌కి లేవడం, పొద్దున్నే తల దిమ్ముగా ఉండడం, భోంచేశాక కుర్చీలోనే తూగడం, ఇవే తెలుసు. షుగరేమో అనుకుంటే టెస్టులో లేదన్నారు. బీపీకి రెండు రకాల మాత్రలు మింగుతున్నా దిగేది కాదు. ఒకరోజు చెరువు మీదకి వెళ్తూ కాలవగట్టు మీద బండి నడుపుతుండగానే కళ్లు మూతపడ్డాయి, ముందు చక్రం గుర్రపుడెక్కలోకి దిగాక గానీ మెలకువ రాలేదు. ఆ రోజే మా ఆవిడ నన్ను రాజమండ్రి బయల్దేరదీసింది.

అక్కడ స్లీప్ స్టడీ చేశారు. ఛాతీకి, పొట్టకి బెల్టులు, ముక్కు దగ్గర ట్యూబు, వేలికి క్లిప్పు, తలనిండా వైర్లు. వీటితో నిద్రెలా పడుతుందండీ అని అడుగుతూనే నిద్రపోయానట. రిపోర్టులో ఏహెచ్ఐ 46 వచ్చింది. అంటే నిద్రలో గంటకి 46 సార్లు ఊపిరి పూర్తిగానో కొంతో ఆగుతోంది, ఆగిన ప్రతిసారీ కనీసం 10 సెకన్లు. 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 30 దాటితే తీవ్రం కింద లెక్క. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 72 శాతానికి పడిపోయింది.

సీప్యాప్ మిషను రాశారు, అది మాస్కులోంచి ఒత్తిడితో గాలి ఊది గొంతు దారి మూసుకుపోకుండా ఉంచుతుంది. ముక్కూ నోరూ మూసే పెద్ద మాస్కు ఇచ్చారు, అది పెడితే ఎవరో మొహం మీద దిండు అదిమినట్టుండేది. నిద్రలోనే పీకి పడేసేవాణ్ణి. అప్పుడు మా బామ్మర్ది "బావగారూ, పడిపోయేది ఆక్సిజనే కదండీ, అదే పెట్టేస్తే పోలా?" అన్నాడు. వాడిదీ రొయ్యల బుర్రే. తెల్లవారుజామున చెరువులో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, ఏరేటర్లు తిప్పుతాం, రొయ్య బతుకుతుంది. మాకు అంతకన్నా వేరే ఆలోచన ఎలా వస్తుంది!

డాక్టరు గారు కొట్టిపారేయలేదు. ముందు మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి (మామూలు సూదిలా ఉండదు, ప్రాణం జివ్వుమంటుంది) కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూశారు. అది ముందే ఎక్కువున్నవాళ్లూ, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లూ సొంతంగా ఆక్సిజన్ పెట్టుకుంటే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మత్తులోకి జారిపోయే ప్రమాదం ఉందట. నాది బాగానే ఉండటంతో, మాస్కు సంగతి తేలేదాకా ఆక్సిజన్ నిమిషానికి రెండు లీటర్ల మీద పెట్టుకోండి, తర్వాత మళ్లీ టెస్టు చేద్దాం అన్నారు.

బామ్మర్ది వాళ్లింట్లో ఉన్న అయిదు లీటర్ల మిషను తెచ్చాం. గదిలో గాలి పీల్చుకుని, నైట్రోజన్ ఆపేసి, 90 శాతం పైన ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా బుర్రుమని మోత, పక్కన సీసాలో నీళ్లు బుడబుడ, గదంతా వేడి. పొద్దున్నకి ముక్కు ఎండిపోయి పక్కులు కట్టేది. ఈదురుగాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోతే కీచుమని అలారం, ఊరంతా లేవాల్సిందే. అయినా మా ఆవిడ అర్ధరాత్రి నా వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే 94, 95 కనబడేది. ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం.

కానీ పగటి తూగు వదల్లేదు. పొద్దున్న తలనొప్పి ఇంకా ఎక్కువైంది. మా ఆవిడే మళ్లీ పట్టేసింది: "అంకె బాగానే ఉందండీ, ఊపిరి మాత్రం ఆగుతూనే ఉంది. ఇదివరకటికంటే ఎక్కువసేపు ఆగుతోందండీ."

ఆక్సిజన్ పెట్టి చేసిన టెస్టులోనూ అదే తేలింది. ఆక్సిజన్ కనిష్ఠం 88కి పెరిగింది, ఏహెచ్ఐ మాత్రం 41. డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై దారి మూసుకుంటుంది, ముక్కులో ఎంత ఆక్సిజన్ వదిలినా ఆ దారి తెరుచుకోదు. ఒంట్లో ఆక్సిజన్ నిల్వ ఉంటుంది కాబట్టి అంకె తొందరగా పడదు, పడదు కాబట్టి మెదడు లేపడమూ ఆలస్యం కావచ్చు, ఈలోగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, నా తలనొప్పికి అదే కారణం అయ్యుండొచ్చు అన్నారు. నిద్ర మాత్రం ఎప్పట్లాగే ముక్కలు ముక్కలు. 2014లో అమెరికాలో గుండెజబ్బు ముప్పు ఉన్న ఆప్నియా రోగుల మీద 12 వారాలు చేసిన పరిశోధనలో సీప్యాప్ వాడినవాళ్లకి బీపీ కొంచెం తగ్గింది, రాత్రిపూట ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లకి తగ్గలేదట. కొందరిలో ఊపిరిని నడిపే మెదడు అతిగా స్పందిస్తుంది, అలాంటివాళ్లకి ఆక్సిజన్ పనికొస్తుందట, నేను ఆ బాపతు కాదు.

మళ్లీ సీప్యాప్‌కే వచ్చాం, ఈసారి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకునే చిన్న మాస్కు ఇచ్చారు, ముక్కు దిబ్బడకి స్ప్రే రాశారు. డాక్టరు గారు చెప్పినట్టే ముందు మధ్యాహ్నంపూట టీవీ చూస్తూ మెలకువగానే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మనవడు ఏనుగు తాతయ్యా అనేవాడు. ఏసీ వేసుకుంటే గొట్టంలో తేమ చేరి నీళ్లు మొహం మీద పడేవి, గొట్టానికి గుడ్డ తొడుగు వేశాక తగ్గింది. మెల్లగా అలవాటైంది. ఒక పొద్దున్న లేచి చూస్తే కిటికీలో ఎండ, రాత్రి ఒక్కసారి కూడా పాస్‌కి లేవలేదు. మా ఆవిడ మాత్రం గురక వినబడక నిద్రపట్టలేదంది.

ఇప్పుడు మిషను చూపించే ఏహెచ్ఐ 5 లోపే ఉంటోంది. తలనొప్పి పోయింది, బీపీ మాత్ర డాక్టరు గారే ఒకటి తీసేశారు. ఇది కాన్సంట్రేటర్ కన్నా చాలా తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ మీద రాత్రంతా ఆడుతుంది. బరువు తగ్గి రండి, మళ్లీ టెస్టు చేసి ప్రెషరు మారుద్దాం అన్నారు. మందు తాగితే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయంటే అదీ మానేశాను, రాత్రి తిండి ఏడింటికల్లా ముగించేస్తున్నాను. పులస వచ్చినప్పుడు మాత్రం మధ్యాహ్నమే వండమన్నాను.