రక్తపరీక్ష రిపోర్టులో ఊరి పేరుకు చోటు లేదు

నేను అనంతపురంలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటే పేరు, వయసు, పంపిన డాక్టరెవరు అని అడుగుతాం, ఆడా మగా అన్నది చూసి రాసుకుంటాం. వయసు, ఆడామగా తేడా ఈ రెండూ రిపోర్టులో చాలా పని చేస్తాయి, ఎందుకంటే ఎంత ఉంటే నార్మల్ అనేది వాటిని బట్టే మారుతుంది. హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటే ఆడవాళ్లకు సరిపోతుంది, మగవాళ్లకు తక్కువ కింద లెక్క, గర్భిణికైతే 11 ఉన్నా చాలు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మనిషిది ఏ ఊరు, తాగేవి ఏ నీళ్లు, చేసేది ఏం పని అని రాసుకోవడానికి ఫారంలో ఎక్కడా గడి ఉండదు. మా రాయలసీమలో ఆ గడి లేకుండా రోగం అర్థం కాదని నేను గట్టిగా నమ్ముతాను, అందుకే ఇది రాస్తున్నా.

నీళ్ల దగ్గర మొదలుపెడతా. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేస్తాయి, ఈశాన్య రుతుపవనాలకేమో మనం సముద్రానికి దూరం. చెరువులు నిండక బోర్లు వేశారు, అవి ఎండితే ఇంకా లోతుకు పోయారు. కింద ఉన్నది గ్రానైట్ జాతి రాయి, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, పగుళ్లలో నీళ్లు ఎన్నేళ్లు నిలిస్తే అంత కరుగుతుంది. కాబట్టి బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల పాత నీళ్లు, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పైకొచ్చాయి. ఇది కొత్త సంగతేమీ కాదు, మన దేశంలో ఫ్లోరోసిస్ (ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే రోగం) గురించి తొలి వివరణ 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. అనంతపురం పేరు అంతగా వినపడలేదు గానీ ఇక్కడి గారపళ్లు ఇక్కడివాళ్లకు తెలుసు.

ఇందులో వయసు ఎలా పని చేస్తుందో చూడండి. పంటి మీద పెంకు (ఎనామిల్) తయారయ్యేది పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు, ఆ ఏళ్లలో తాగిన నీళ్లే పళ్ల మీద జీవితాంతం ఉండిపోయే మచ్చలు వేస్తాయి. ఎనిమిదేళ్ల తర్వాత ఊరు మారినా, బెంగళూరులో స్థిరపడినా ఆ గోధుమ రంగు చారలు పోవు, పెళ్లిచూపుల్లో నోరు తెరిచి నవ్వడానికి సిగ్గుపడే ఆడపిల్లలను, ఇంటర్వ్యూలో చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడే కుర్రాళ్లను నేను చూశాను. పెద్దయ్యాక ఆ నీళ్లు మొదలుపెట్టినవాళ్లకు పళ్లేమీ కావు, వాళ్లకు దెబ్బ ఎముకల మీద, అదీ ఏళ్ల తరబడి తాగాక. నడుము వంగదు, మెడ తిరగదు, కీళ్లు పట్టేస్తాయి, వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటారు. నలభై ఐదేళ్లకే వయసు మీద పడటమేమిటని ఎవరూ అడగరు.

ఇంకో లెక్క ఉంది, దీని గురించి నేను అందరికీ చెబుతుంటా. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అయితే ఎవరి ప్రాంతంలో ఎండ ఎంత, మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాడు అన్నది చూసుకుని హద్దు పెట్టుకోమని ఆ సంస్థే చెబుతుంది. ఏసీ ఆఫీసులో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి ఆ హద్దు నీళ్లతో పోయేది 3 మిల్లీగ్రాములు. మే నెలలో కల్యాణదుర్గం వైపు ఉపాధి పనికి పోయి ఆరు లీటర్లు తాగే ఆమె ఒంట్లోకి 9. అవే నీళ్లు, అదే హద్దు, మూడు రెట్ల తేడా. తిండిలో కాల్షియం తక్కువగా ఉంటే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ, ఆ కాల్షియం కూడా ఆమెకే తక్కువ.

కాచి తాగితే పోతుందనుకోవద్దు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక జిల్లాలో వందల ఊళ్లకు పైపుల్లో నీళ్లు అందాయి. దానికి ముందు పెరిగినవాళ్లకూ తర్వాత పుట్టినవాళ్లకూ పళ్లలో తేడా ఒకే ఇంట్లో కనిపిస్తుంది, తల్లికి గారపళ్లు, కూతురికి తెల్లటి పళ్లు. రక్తం మారలేదు, కులం మారలేదు, ఇల్లు కూడా మారలేదు, నీళ్లు మారాయి.

ఈ మాట ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, మావాళ్లు ఎక్కువగా అనే మాట "మా ఇంట్లో అందరికీ అంతే సార్" అని. గారపళ్లకూ అదే, నడుము నొప్పికీ అదే, రక్తం తక్కువ ఉందన్నా అదే. ఇల్లంతా ఒకే బోరు నీళ్లు తాగి, ఒకే కుండలో వండింది తిని, ఒకే ఎండలో పని చేస్తే రోగం కూడా వంశంలో ఉన్నట్టే కనపడుతుంది. వంశం అనుకుంటే చేసేదేమీ ఉండదు. ఊరు అనుకుంటే చేయగలిగింది చాలా ఉంది.

రక్తం తక్కువ అన్నాను కదా, ఆడవాళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత, మగవాళ్లలో 25 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లది 58.8 శాతం. ప్రతి నెలా పోయే రక్తం, కాన్పులు, అందరూ తిన్నాక మిగిలింది తినడం, అన్నం తిన్న వెంటనే టీ తాగడం (టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు), అన్నీ కలిసి వస్తాయి. పద్దెనిమిదేళ్ల లోపు పెళ్లి ఇంకోటి. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతమైతే మన రాష్ట్రంలో 29.3. తన ఒళ్లే ఇంకా పెరుగుతున్న పిల్ల కడుపులో ఇంకో పిల్ల, ఇనుము ఎవరికి చాలాలి?

బడిలో నీలం రంగు ఐరన్ మాత్రలు ఇస్తారు, వారానికొకటి. చాలా మంచి పని. కానీ ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పనుల్లేని నెలల్లో కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి (కూలి కోసం వలస) పోతాయి, మా వైపు నుంచి బెంగళూరు కట్టడాలకు పోతారు, వెంట పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్ల ఉంటే చంటివాణ్ణి చూసుకోవడానికి ఆమెనూ తీసుకుపోతారు. బడి పోయింది, బడితోపాటు గుడ్డు పోయింది, మాత్ర పోయింది. వాన కురవని ఊళ్లో పుట్టడం, ఆడపిల్లగా పుట్టడం, ఆ వయసులో ఉండటం, ఈ మూడూ ఒకే పిల్ల మీద పడతాయి. నా దగ్గరికి వచ్చేసరికి హెచ్‌బి (హిమోగ్లోబిన్) 7 అని ఒక అంకె మాత్రం కనిపిస్తుంది.

ఇప్పుడు ల్యాబ్‌లో పని చేసేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తెలియని ఒక సంగతి. మూడు నెలల షుగర్ అని చేయించుకుంటారే, హెచ్‌బిఎ1సి, ఇనుము తక్కువై రక్తహీనత వచ్చినవాళ్లలో అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు. రక్తం లేని పాతికేళ్ల అమ్మాయికి 5.9 వస్తే షుగర్ అంచున ఉన్నావని భయపెట్టి అన్నం మానిపిస్తారు, అసలు ఆమెకు కావాల్సింది తిండి. అందుకే హెచ్‌బి పక్కన పెట్టుకుని ఆ అంకెను చదవాలి, అనుమానమొస్తే పరగడుపు షుగర్ చేయించాలి. కిడ్నీ పనితీరు కోసం రక్తంలో చూసే క్రియాటినిన్‌ది దీనికి తిరగబడిన కథ. అది కండ నుంచి పుడుతుంది. కండ కరిగిపోయి నలభై కిలోలున్న ముసలి కూలి మనిషికి కిడ్నీ కొంత దెబ్బతిన్నా అంకె నార్మల్ గీత లోపలే ఉండొచ్చు. క్రియాటినిన్ నుంచి కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రం అమెరికాలో తయారైంది, వయసు, ఆడామగాతో పాటు నల్లజాతి వాళ్లకు వేరే గుణకం కూడా ఉండేది, 2021లో దాన్ని తీసేశారు. జాతి అనే గడి తీసేయడం సరైనదే, నేను అడిగే గడి వేరు: ఎండలో ఎంతసేపు, ఎన్ని నీళ్లు, నొప్పి మాత్రలు రోజుకెన్ని. నడుము నొప్పికని వాడే ఆ మాత్రలు కిడ్నీని తింటాయి, ఆ నడుము నొప్పి వెనక ఫ్లోరైడ్ ఉండొచ్చు.

కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లలో కొందరు ల్యాబ్ దాకా రాకుండానే హైదరాబాద్ బెంగళూరు హైవే మీద బైకు ప్రమాదాల్లో చనిపోతారు. ప్రపంచమంతటా 5 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్లను ఎక్కువగా చంపేది రోడ్డు ప్రమాదాలే, ఊరు 44వ నంబరు హైవే పక్కన ఉంటే ఆ ముప్పు గడప దగ్గరే ఉన్నట్టు. తాడిపత్రి వైపు గ్రానైట్ కోసే, పాలిష్ పట్టే యూనిట్లలో పని చేసేవాళ్లకు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఆ ఊపిరితిత్తులకు టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది, కాబట్టి దగ్గుతో వచ్చినవాణ్ణి పని ఏమిటని అడగకపోతే సగం వైద్యమే జరుగుతుంది. చేలో రాత్రి మోటారు వేయడానికి పోయి రక్తపింజరి కాటు తిన్న రైతు రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో కదపకుండా ఇరవై నిమిషాలు పెడతాం, గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు వెంటనే మొదలుపెడతారు. పల్లె ఆసుపత్రిలో కూడా చేయగల పరీక్ష అది, ప్రాణం నిలబెడుతుంది. మంత్రం వేయించుకుని వచ్చేసరికి ఆలస్యమైపోయిన కేసులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

షుగర్ గురించి ఒక్క మాట. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారంది. మన తాతలు రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె తిని రోజంతా మడక దున్నారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను, కానీ పళ్లెంలో మూడు పూటలా అన్నమే మిగిలి ఒంటికి పని తగ్గిపోయింది. మనవాళ్లు సన్నగా కనిపించినా పొట్టలో కొవ్వు చేరుతుంది, అందుకే మనకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటగానే జాగ్రత్త పడాలంటారు. ప్రభుత్వం షుగర్ పరీక్షలు ముప్పై ఏళ్లు నిండినవాళ్లకు చేయిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉండి, నైట్ షిఫ్టుల్లో కూర్చుని పని చేసే ఇరవై ఆరేళ్ల అబ్బాయి అంతదాకా ఆగకూడదు.

కాబట్టి మీరు రాయలసీమ పల్లెవాళ్లయితే, డాక్టరు అడగకపోయినా మీ అంతట మీరే చెప్పండి. ఊరు ఏది, బోరు నీళ్లా పైపు నీళ్లా క్యాన్ నీళ్లా, పని ఏమిటి, ఏడాదిలో ఎన్ని నెలలు బయట ఊళ్లలో ఉంటారు, ఏ మాత్రలు మింగుతున్నారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇల్లయితే బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరిగా చేయించండి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు, పంచాయతీలో కిట్ ఉందేమో కూడా అడగండి. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ బాటిల్‌లో, మోటారు కొంతసేపు నడిచాక నీళ్లు పట్టాలి. సంవత్సరానికి ఒకసారి కాదు, ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి, ఎందుకంటే నీటిమట్టం దిగినప్పుడు వచ్చే అంకె, ఎక్కినప్పుడు వచ్చే అంకె ఒకటి కావు. ఆ కాగితం దాచిపెట్టుకుని మీ రక్తపరీక్ష రిపోర్టుతో పాటు డాక్టరుకు చూపించండి.