ఒక చుక్క తగ్గింది

"నాన్నా, ఆ ఎర్ర చుక్క పేరేంటి?" మేడ మీద చాప పరుస్తుంటే మా అమ్మాయి అడిగింది. ఆరుద్ర అన్నాను. ఫోన్‌లో యాప్ మాత్రం బెటెల్‌గ్యూస్ అంది. అదేం పేరు, అంటే ఏంటి అని ఒకటే ప్రశ్నలు.

కాగితం తీసుకున్నాను. అరబిక్‌లో అది యద్ అల్-జౌజా, అంటే జౌజా చెయ్యి. జౌజా అంటే ఆ చుక్క ఉన్న నక్షత్రాల గుంపుకి, మనం ఒరాయన్ అనేదానికి, అరబ్బుల పేరు. మాట మొదట్లో వచ్చే 'య'కి కింద రెండు చుక్కలు, 'బ'కి ఒక్కటే. మిగతా గీతంతా ఒకటే. మధ్యయుగంలో లాటిన్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో రెండు చుక్కల్ని ఒకటిగా చదివారు. అలా 'య' పోయి 'బ' వచ్చింది, ఆ పేరే లోకమంతా నిలిచిపోయింది.

రెండూ రాసి చూపిస్తే, ఆ చుక్కల మీదే వేలు పెట్టి చాలాసేపు చూసింది.

నాకైతే ఆ తప్పు మీద కోపం రాదు. ఆ రోజుల్లో చదువు కోసం ఎంత దూరం వెళ్లారో! క్రెమోనాకు చెందిన గెరార్డ్ ఇటలీ నుంచి స్పెయిన్‌లోని టొలెడోకి వెళ్లింది ఒక్క పుస్తకం కోసం. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ గ్రీకులో రాసిన ఖగోళ గ్రంథం ఆల్మజెస్ట్. లాటిన్‌లో దొరక్క, అరబిక్ నేర్చుకుని మరీ అనువదించాడు. 1175 నాటికి పూర్తయింది. 1187లో పోయేలోపు దాదాపు 70 పుస్తకాలు చేశాడు. వాటి మీద తన పేరు వేసుకోలేదు, ఆ జాబితా శిష్యులు రాసి పెట్టిందే. అది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మంచు పడుతోందని కింద నుంచి కేక. కాగితం మడిచి కంపాస్ బాక్స్‌లో పెట్టుకుంది.