మీ దిక్కు నుంచా, మా దిక్కు నుంచా

పోయిన చలికాలం మా బాబు పొద్దున లేవగానే మడమలు నేలకు ఆనించకుండా ముని వేళ్ల మీద నడుస్తుంటే బండలు చల్లగా ఉన్నాయేమో అనుకున్నా, స్కూల్ టైమ్‌కల్లా మామూలుగా ఉరికేవాడు మరి. తర్వాత ఎడమ మోకాలు వాచింది. ఆటలో దెబ్బ తగిలిందని హన్మకొండలో కట్టు కట్టించాం, రెండు నెలలైనా వాపు దిగలేదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ తీసుకెళ్తే పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అన్నారు. 16 ఏళ్లలోపు పిల్లలకు వేరే కారణం లేకుండా కీలు 6 వారాలకు మించి వాచి ఉంటే దీన్నే అనుమానించాలట.

రక్త పరీక్షలో హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్ వచ్చింది. అది జన్యువుకు సంబంధించిందని తెలియగానే అత్తమ్మ, "మా ఇంట్ల ఎవ్వలికీ లేదు, మీ దిక్కు నుంచే వచ్చింది" అన్నది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తర్వాతిసారి డాక్టర్‌నే అడిగాను. ఒంట్లో ఏది మనది, ఏది బయటిది అని రోగనిరోధక కణాలు పోల్చుకోవడానికి తోడ్పడే జన్యువుల్లో ఇదొక రకం, ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి దీనివల్ల జన్మలో ఏ జబ్బూ రాదు! చిన్న ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించే కీళ్లవాతం రకానికి వేరే జన్యువులతో సంబంధం. ఏదైనా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు తలా కొంత కలుస్తాయి, వాటికి బయటి కారణాలూ తోడవ్వాలి. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. ఇందులో తల్లి తప్పేముంది చెప్పండి?

పాపకు కూడా పరీక్ష చేయించాలా అంటే వద్దన్నారు, పాజిటివ్ వచ్చినా చేసేదేమీ లేదు, టెన్షన్ తప్ప. పొద్దున బిగుసుకుపోవడం, మడమ నొప్పి, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, ఇవి కనిపిస్తే మాత్రం ఆగకుండా రమ్మన్నారు. బాబుకు కళ్లు కూడా చూపిస్తున్నాం, ఈ జబ్బు కంటి లోపల కూడా వాపు తెస్తుంది కాబట్టి.

ఇదంతా వింటుంటే నాకు మా మరిది గుర్తొచ్చాడు. ముప్పై దాటలేదు, పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకుంటాడు, కాసేపు తిరిగితే నడుము సదురుకుంటుంది. బైక్ మీద తిరుగుడు వల్లే అని ఏళ్లుగా బామ్ రాసుకుంటున్నాడు. అత్తమ్మకు ఎదురు జవాబు దొరికిందని కాదు, అతనికి వైద్యం ఆలస్యం కావద్దని బాబు రిపోర్ట్ జిరాక్స్ తీసి చేతిలో పెట్టాను. బుధవారం చూపించుకోవడానికి వెళ్తున్నాడు.