‘నేనే తెంపాను మేడమ్’

ఉచితంగా లాయరునిచ్చే లీగల్ ఎయిడ్ నుంచి నాకొచ్చిన మూడో కేసు అది. సబ్‌జైలు ములాఖత్‌లో కటకటాల అవతల నిలబడి ఆ కుర్రాడు అన్న మొదటి మాట: "గొలుసు నేనే తెంపాను మేడమ్." ఫైలు తిరిగి ఇచ్చేద్దామనిపించింది.

మా సీనియర్ గారు బార్ కౌన్సిల్ రూల్స్ తీసి 15వ నిబంధన నాచేతే చదివించారు. ముద్దాయి తప్పు చేశాడని మనకు అనిపించినా సరే, అతని తరఫున నిలబడాలి. తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదనే చట్టానికే లాయరు కట్టుబడాలి. "అలాగని ఆ రోజు వాడు ఊళ్లోనే లేడని దొంగసాక్షిని తెచ్చావో, నా ఆఫీసు మెట్లెక్కకమ్మా" అన్నారు.

గొలుసు పోగొట్టుకున్న ఆవిడ, అది లాగినవాడి మొహం చూడలేదు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. దాని ద్వారా దొరికిన వస్తువు గురించి చెప్పినంత మేరకే చెల్లుతుంది. అంటే కేసంతా రికవరీ పంచనామా మీదే: వస్తువు ఎక్కడ, ఎలా దొరికిందో సాక్షుల ముందు పోలీసులు రాసే కాగితం అది. ముద్దాయి చూపిస్తే కాలవగట్టున గొలుసు దొరికిందని అందులో రాసుంది. క్రాస్ ఎగ్జామినేషన్లో, ఆ పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టిన మధ్యవర్తిని ఒక్కటే అడిగాను, కాలవగట్టుకి ఎలా వెళ్లారని. "వెళ్లలేదండీ, స్టేషన్లోనే సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు.

కేసు కొట్టేశారు. వరండాలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వాడేనని నీకూ తెలుసు కదమ్మా?"

క్లయింటు చెప్పింది బయటపెట్టే హక్కు నాకు లేదు. ఏమీ అనలేకపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

విజయవాడ దగ్గర 2007లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు గుర్తొచ్చినప్పుడల్లా ఆ పంచనామా కళ్లముందుకొస్తుంది. 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే అతను కాదు, కాదు అంటూ వచ్చారు. 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసేదాకా అతను జైల్లోనే ఉన్నాడు. వెళ్లని చోటుకి వెళ్లామని సంతకాలు పెట్టించే అలవాటును ఊరుకుంటే, రేపు ఆ కాగితం మీద ఏమీ చేయనివాడి పేరూ ఎక్కుతుంది. నేను కొట్టేయమని అడిగింది ఆ కాగితాన్ని.

చాలామంది లాయర్లు క్లయింటుని "చేశావా?" అని అడగరు. నేను అడుగుతాను. తెలిస్తేనే కదా, ఏ మాట నా నోటి నుంచి రాకూడదో నాకు తెలిసేది.

ఆవిడ ఇప్పటికీ రైతుబజారులో కనిపిస్తుంది. నమస్కారం పెడతాను. తిరిగి పెట్టదు.