కలోరమ గుట్ట మీద బాపుతో

శనివారం, రాత్రి పదకొండు దాటింది.

బాపు వచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఒంట్లో ఇంకా ఊరి టైమే నడుస్తోంది. తెల్లవారుజామున మూడున్నరకే లేచి వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటాడు. ఈ పొద్దు నేను లేచేసరికి ఇల్లంతా అడుగంటిన మక్కల వాసన. ఎప్పుడో కొని మరిచిపోయిన కార్న్‌మీల్ పొట్లం అల్మారాలో ఆయన కంటపడిందట.

"గిది మక్క రవ్వనే గద బిడ్డా. గటక వండిన. సల్ల ఉన్నదా?"

పెరుగు చిలికి ఇచ్చాను. ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిరపకాయ. కోరుట్ల దాటి ఇన్నేళ్లయినా ఆ మొదటి ముద్దకు నాకు మా అవ్వ చెయ్యే గుర్తొస్తుంది. తింటూ బాపుకు చెప్పాను, ఈ గటక మీద రెండు వందల ఏళ్ల కిందట ఒక తెల్లాయన పెద్ద పద్యకావ్యం రాశాడని. బాపు నమ్మలేదు. "గటక మీద ఏం రాస్తరు?" అన్నాడు.

జోయల్ బార్లో. 1754లో కనెక్టికట్‌లోని రెడింగ్ అనే ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాడు. యేల్‌లో చదివాడు, కవి అయ్యాడు. 1793 జనవరిలో ఫ్రాన్స్ పక్కనున్న సవాయ్‌లో, షాంబెరీ అనే ఊళ్లో ఉండగా ఎవరో పొలెంటా వడ్డించారు, అంటే అక్కడి మక్క గటక. సొంత ఊరు విడిచి అప్పటికి అయిదేళ్లు. ఆ ముద్ద నోట్లో పడగానే ఇల్లు గుర్తొచ్చి, మక్కజొన్న విత్తడం దగ్గర్నుంచి కంకులు వొలవడం, ఉడికించడం, పాలు పోసుకుని చెంచాతో తినడం దాకా మూడు ఆశ్వాసాలు రాసేశాడు. ఆ కావ్యం పేరు 'హేస్టీ పుడ్డింగ్'. ఆయన పెద్ద కావ్యం 'కొలంబియడ్'ను రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను, రాతి గోడలా ఉంటుంది. ఈ చిన్నది మాత్రం కడుపులోంచి వచ్చింది. బాపుకు పొద్దున ఇంతవరకే చెప్పాను. మిగతా కథ మెట్రో ఎక్కాక.

పాప నిద్రపోతుంటే తనను మా ఆయనకు అప్పగించి నేనూ బాపూ ఇద్దరమే వాషింగ్టన్ వెళ్లాం. డుపాంట్ సర్కిల్ దగ్గర దిగి మసాచుసెట్స్ అవెన్యూ పట్టుకుని నడక. గాలి చల్లగా ఉంది కానీ ఎండ కాసింది. మఫ్లరు తలకు చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టే నడిచాడు బాపు. గాంధీ విగ్రహం కనబడగానే చెప్పులు విప్పబోయాడు, షూ అని గుర్తొచ్చి ఆగి దండం పెట్టాడు. ఎదురుగా మన ఎంబసీ మీద జెండా. అక్కడ చాలాసేపు నిలబడిపోయాడు. పోదామా అని నేను అనలేదు.

నాకు తెలుసు ఎందుకో. 2003లో మండలంలోని ఒక ఏజెంటు మాట విని లక్షా ఇరవై వేలు అప్పుచేసి దుబాయ్ పోయాడు. ఆఫీసులో ప్యూను పని అన్నారు. దిగాక లేబర్ క్యాంపు, సిమెంటు మూటలు. ఆరు నెలలు జీతమే లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. చివరికి బయటపడి కల్లివెల్లి అయ్యాడు. కాగితం లేని మనిషి అన్నమాట, పోలీసు కనబడితే సందులోకి తిరగాలి. 2007లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన దేశపు కాన్సులేట్ దగ్గర లైన్లో నిలబడి, పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి పోవడానికి ఇచ్చే ఔట్‌పాస్ కాగితం తీసుకుని ఇంటికొచ్చాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఎయిర్‌పోర్టులో గుర్తుపట్టలేదు నేను.

"ఆ కాయితం రాసిన సారుకు తెల్గు రాదు," అన్నాడు జెండా వైపే చూస్తూ. "నా పేరు రెండు మాట్ల అడిగిండు, తప్పు పడొద్దని. మూడో మాటు నన్నే రాయమన్నడు."

నాలుగేళ్లలో తన పేరు సరిగ్గా రాయాలని చూసిన మొదటి మనిషి అతనే. బాపు ఆ మాట అనలేదు. నాకు అలా వినబడింది.

అక్కణ్నుంచి పైకి ఎక్కితే కలోరమ. బార్లో 1807లో ఇక్కడ ఇల్లు కొని ఆ పేరు పెట్టాడు. గ్రీకులో అందమైన దృశ్యం అని. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, పేరు మాత్రం పేట మొత్తానికి మిగిలింది. వీధి పొడుగునా రాయబారుల ఇళ్లు, గుమ్మానికొక జెండా. ఒక గోడ పక్కన కూర్చుని మిగతాది చెప్పాను.

మా ఆఫీసు అలెగ్జాండ్రియాలో, నది ఒడ్డుకు నడిచిపోయే దూరం. 1790లో ఆ రేవులోనే ఫ్రాన్స్ నుంచి వందలమంది దిగారు. కేశాలంకరణ చేసేవాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు, చెక్క మీద చెక్కేవాళ్లు. ఒహాయో నది ఒడ్డున భూములు కొనుక్కున్నామని పారిస్‌లో ఇచ్చిన కాగితాలు వాళ్ల చేతుల్లో. అమ్మింది సయోటో కంపెనీ. దాని తరఫున 1788లో ఫ్రాన్స్ వెళ్లిన ఏజెంటు మన బార్లోనే. పారిస్‌లో అతని భాగస్వామి విలియం ప్లేఫెయిర్, ఇవాళ మనం చూసే బార్ చార్టులూ పై చార్టులూ కనిపెట్టిన మనిషి. కరపత్రంలో ఏం రాశారంటే అక్కడ పన్నుల బాధ లేదు, చెట్టు నుంచే చక్కెర వస్తుంది, కొవ్వొత్తులకు మైనం ఇచ్చే మొక్క ఉంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే పూర్తి అబద్ధం కాదు. మేపుల్ చెట్టు ఉంది, మైనం కాయ కాసే పొదా ఉంది. కానీ ఆ భూమి కంపెనీది కాదు. హక్కే లేని నేలను అమ్మేశారు. వాళ్లు వెళ్లి చూస్తే అడవి, దాంట్లో వరుసగా దుంగల గుడిసెలు. ఆ ఊరికే గాలిపొలిస్ అని పేరు. చివరికి 1795లో అమెరికా కాంగ్రెస్ జాలిపడి 24,000 ఎకరాలు వేరే చోట ఇచ్చింది. అప్పటికే ఎంతమంది ఎటుపోయారో.

ప్లేఫెయిర్ దగ్గర డబ్బు ఏమైందో లెక్క తేలలేదు. బార్లోకు ఆ వ్యవహారంలో రూపాయి మిగలలేదు, మోసం గురించి ముందు తెలియదు అంటారు. నాకు మాత్రం ఈ వాక్యం దగ్గరే ఎప్పుడూ కోపం వచ్చేది. తెలియకుండా అమ్మడమేమిటి? కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బు తీసుకునేవాడు ముందు నేల ఎవరిదో చూసుకోవద్దూ? మా ఇంటికొచ్చిన ఏజెంటు మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది, తెల్ల చొక్కా, అవ్వ ఇచ్చిన చాయ్ తాగుతూ.

బాపుతో ఆ మాటే అన్నాను. బాపు కాసేపు ఏమీ అనలేదు.

"ఆనికి గూడ తెల్వదు బిడ్డా. ఆని సొంత తమ్మున్ని గదే వీసా మీద పంపిండు. నా పక్క మంచమే ఆ పోరనిది."

ఇది నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. ఏం అనాలో తెలియలేదు. ఎదురింటి జెండా గాలికి కర్రకు కొట్టుకుంటోంది, ఆ చప్పుడే వింటూ కూర్చున్నాం.

తర్వాత ఉత్తర ఆఫ్రికా తీరంలోని అల్జీర్స్ కథ చెప్పాను. నిజానికి బార్లోను నేను పట్టుకున్నది దీనికోసమే. ఆ తీరంలోనే ఉన్న ట్రిపొలీతో అమెరికా చేసుకున్న ఒప్పందం ఇంగ్లిష్ పాఠం రాసినవాడిగా చాలామంది అతన్ని తలుచుకుంటారు. అమెరికా ప్రభుత్వం క్రైస్తవ మతం పునాదిగా ఏర్పడింది కాదని అందులో 11వ అధికరణం చెబుతుంది, 1797లో సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అది గొప్పదే. నాకు దానికన్నా ముందు ఏడాది గొప్పది.

అల్జీర్స్ సముద్రపు దొంగలు 1785లో రెండు అమెరికా ఓడలు పట్టుకున్నారు, 21 మంది. 1793లో ఇంకా 11 ఓడలు, వందమందికి పైగా నావికులు. రాత్రి జైల్లో సంకెళ్లు, పగలు రేవు కట్టడానికి రాళ్లు లాగడం, తిండి నల్ల రొట్టె. 1795లో ఒప్పందం అయితే అయింది. శాంతికీ విడుదలకూ కలిపి 6,42,500 డాలర్లు, పైగా ఏటేటా కప్పం. కానీ డబ్బు రాలేదు. కొత్త దేశం, ఖజానా ఖాళీ, ఉత్తరం దాటడానికే నెలలు. తనలాగే యేల్‌లో చదివిన స్నేహితుడు డేవిడ్ హంఫ్రీస్ అడిగితే బార్లో కాన్సల్‌గా 1796 మార్చిలో అల్జీర్స్ చేరాడు. అప్పటికి హాంబర్గ్‌లో వ్యాపారం చేసి బాగా సంపాదించాడు, భార్య రూత్‌తో పారిస్‌లో హాయిగా బతకొచ్చు. వెళ్లాల్సిన అవసరమే లేదు.

అక్కడి పాలకుణ్ని దేయ్ అనేవారు. డబ్బేదీ అని ఉగ్రుడై, ఒప్పందం రద్దు చేసి యుద్ధం మొదలుపెడతానన్నాడు. బార్లో తనకు అధికారం లేకపోయినా దేయ్ కూతురికి అమెరికా నుంచి ఒక యుద్ధనౌక కానుకగా వస్తుందని మాటిచ్చి మూడు నెలల గడువు సంపాదించాడు. ఆ నౌకను తర్వాత నిజంగానే 36 ఫిరంగులతో కట్టి ఇచ్చారు. బందీలను పట్టేవాడి చేతికే ఫిరంగులివ్వడం నాకు మింగుడుపడదు. కానీ రాళ్లు లాగేవాళ్లకు ఆ మూడు నెలలు ఏమిటో బాపును అడిగితే తెలుస్తుంది.

ఈలోగా ప్లేగు వచ్చింది. బందీలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. బార్లో ఊరు వదిలి పోవచ్చు, పోలేదు. 1796 జులైలో రూత్‌కు ఒక ఉత్తరం రాసి ఉంచాడు. తను చనిపోతేనే ఆమెకు చేరాల్సిన ఉత్తరం. ఈ మనుషులు ఇక్కడ చస్తుంటే వదిలి రాలేకపోయానని చెప్పుకున్నాడు అందులో. కవి అయినవాడు తన అందమైన వాక్యాలన్నీ పక్కనబెట్టి భార్యకు లెక్క అప్పజెప్పినట్టు రాశాడనిపిస్తుంది నాకు. ఆ నెలలోనే బక్రీ అనే అక్కడి యూదు వర్తకుణ్ని ఒప్పించి అప్పు తీసుకుని, విడుదల సొమ్ము కట్టి, బతికున్నవాళ్లను ఫార్చ్యూన్ అనే ఓడ ఎక్కించి ఫ్రాన్స్ తీరానికి పంపించాడు. తను మాత్రం మిగిలిన పనుల కోసం ఇంకో ఏడాది అక్కడే.

1785లో పట్టుబడినవాళ్లకు అది పదకొండో ఏడు.

"పదకొండేండ్లా," అన్నాడు బాపు. తన నాలుగేళ్లను పక్కన పెట్టి చూసుకుంటున్నాడని మొహంలో తెలిసింది.

గాలిపొలిస్ వాళ్ల అప్పు అల్జీర్స్‌లో తీర్చుకున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ గడియారం బాగుచేసేవాడికి నావికుడి విడుదలతో ఏం పని. కాకపోతే ఆ భూమి అమ్మినవాడూ ఈ బందీలను విడిపించినవాడూ ఒకే మనిషి అన్న సంగతి నాకు ఇన్నాళ్లూ పట్టలేదు. మా ఇంట్లో చాయ్ తాగినవాడొకడు, పేరు మూడోసారి రాయమన్నవాడొకడు, ఇద్దరినీ వేరువేరు అరల్లో పెట్టుకుని పెరిగాను. ఇవాళ ఆ గోడ పక్కన ఆ అర తలుపులు సరిగ్గా మూతపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో బాపు నిద్రపోయాడు. ఇంటికొచ్చాక పాపకు పొద్దుటి గటక పాలలో కలిపి చక్కెర వేసి పెట్టాడు. అది రెండు ముద్దలు తిని మూడోది ఆయన గడ్డానికి పూసింది.

రాత్రి మాకు మిగిలిన గటక, పచ్చిపులుసు. తింటూ అడిగాడు.

"మరి ఆయన గా కలోరమ ఇంట్లనే పోయిండా?"

లేదని చెప్పాను. 1811లో మళ్లీ రమ్మన్నారు, ఫ్రాన్స్‌కు రాయబారిగా. ఒప్పందం కోసం నెపోలియన్‌ను కలవడానికి లిథువేనియాలోని విల్నా దాకా రమ్మంటే 1812 చలికాలంలో వెళ్లాడు. ఆలోపే మాస్కో నుంచి సైన్యం చెల్లాచెదురై వెనక్కొస్తోంది. దారి పొడుగునా గడ్డకట్టిన శవాలు. తిండికోసం రష్యా వెళ్లొద్దని ఒక కాకికి బుద్ధిచెబుతున్నట్టు అప్పుడొక పద్యం రాశాడు. శవాల కళ్లు కూడా గడ్డకట్టి పొడవడానికి రావని. వెనక్కి వస్తూ పోలండ్‌లో జర్నోవియెట్స్ అనే పల్లెలో న్యుమోనియాతో డిసెంబర్ 26న పోయాడు. యాభై ఎనిమిదేళ్లు. అక్కడే పూడ్చారు. రూత్ పారిస్‌లో ఉంది.

బాపు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. క్యాంపులో ఆయన పక్క గదిలోంచి పెట్టెలో ఊరికొచ్చిన మనిషి గురించి అవ్వ ఒకసారి చెప్పింది, బాపు ఎప్పుడూ చెప్పలేదు.

"ఆడ పక్కన మనోళ్లు ఎవలన్న ఉండిరా ఆయనకు?"

"ఉన్నడు బాపూ. అన్నదమ్ముల కొడుకు, థామస్ అని. ఎంబడే ఉన్నడు."

"ఉన్నడా," అని లేచి, కంచం కడుక్కుని, గిన్నెలో మిగిలిన గటక మీద నీళ్లు పోసి మూత పెట్టాడు, పొద్దున్నే చల్లలో కలుపుకోవడానికి.